మందు అంతే, తూటా అదే: మరి ప్రెజర్ ఎందుకు పెరిగింది?

మన సిరీస్‌లో మెషీన్లు ఎందుకు ఫెయిల్ అవుతాయి, ఆ కారణాన్ని మనుషులు ఎలా పట్టుకున్నారు అనేది చూస్తున్నాం కదా. ఈ రోజు టాపిక్ కొంచెం వెరైటీ. రైఫిల్ తూటా లోపల పుట్టే ప్రెజర్. మందు కొలత మారలేదు, రైఫిల్ మారలేదు, అయినా ఒక రోజు ప్రెజర్ హద్దు దాటేసింది. ఎలా? దొంగ ఎవరు?

ముందే ఒక మాట చెప్పేస్తాను. మన దేశంలో లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. జైలు శిక్ష ఉంటుంది. కాబట్టి ఇది చూసి ఇక్కడ ఎవరూ ప్రయోగాలు చేయకండి. అమెరికాలో మాత్రం వాడేసిన ఇత్తడి కేసుల్ని మళ్ళీ నింపుకుని సొంతానికి వాడుకోవడం చాలామందికి హాబీ. హ్యాండ్‌లోడింగ్ అంటారు. డల్లాస్, హ్యూస్టన్ వైపు ఉన్న మనవాళ్ళలో రేంజ్‌కి వెళ్ళేవాళ్ళు ఉన్నారు, వాళ్ళలో కొందరికి ఇది పరిచయమే అయి ఉంటుంది. ఎంత మందు వెయ్యాలి అనే లెక్క ఈ వీడియోలో ఒక్కటి కూడా ఉండదు. దానికి పౌడర్ కంపెనీలు అచ్చేసే మాన్యువల్స్ ఉన్నాయి. నాకు కావాల్సింది ఆ డిటెక్టివ్ పని.

సరే. తూటా అంటే నాలుగు వస్తువులు. ఇత్తడి గొట్టం, దాన్ని కేస్ అంటారు. దాని అడుగున చిన్న బిళ్ళ, అది ప్రైమర్. లోపల మందు, అంటే పౌడర్. మూతి దగ్గర బిగించి ఉండేది బుల్లెట్. ట్రిగ్గర్ నొక్కితే పిన్ వెళ్ళి ప్రైమర్‌ని కొడుతుంది, అది నిప్పు రాజేస్తుంది, మందు కాలి గ్యాస్ అవుతుంది, ఆ గ్యాస్ బుల్లెట్‌ని నెడుతుంది. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

ఇప్పుడు వంటింట్లోకి రండి. మన ప్రెజర్ కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపల బయటి గాలి కంటే ఎక్కువగా ఉండే ఒత్తిడి సుమారు 15 పీఎస్‌ఐ. .30-06 అనే పాత అమెరికన్ రైఫిల్ తూటాకి అక్కడి ఇండస్ట్రీ సంస్థ పెట్టిన గరిష్ఠ సగటు ప్రెజర్ 60,000 పీఎస్‌ఐ. అంటే నాలుగు వేల కుక్కర్లు. అది కూడా సెకనులో వెయ్యో వంతు అటూ ఇటూ టైమ్‌లో. కుక్కర్‌కి వెయిట్ ఉంది, గాస్కెట్ ఉంది, అవి రెండూ మొరాయిస్తే సేఫ్టీ వాల్వ్ ఉంది. ఇక్కడ? ఆ ఇత్తడి కేసే గాస్కెట్. అది ఉబ్బి ఛాంబర్ గోడకి అతుక్కుపోతుంది, గ్యాస్ వెనక్కి రాకుండా ఆపుతుంది. ప్రెజర్ దిగాక కొంచెం ముడుచుకుని వదిలేస్తుంది, అప్పుడు బోల్ట్ తేలిగ్గా తెరుచుకుంటుంది. హద్దు దాటితే ఇత్తడి మరీ సాగిపోయి వెనక్కి రాలేదు. బోల్ట్ బిగుసుకుంటుంది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంకో పాయింట్, అసలు కథంతా దీని మీదే నడుస్తుంది. పొగలేని మందు ఎప్పుడూ ఒకే స్పీడ్‌లో కాలదు. చుట్టూ ప్రెజర్ పెరిగేకొద్దీ అది ఇంకా స్పీడ్‌గా కాలుతుంది. స్పీడ్‌గా కాలితే గ్యాస్ ఎక్కువ. గ్యాస్ ఎక్కువైతే ప్రెజర్ ఇంకా ఎక్కువ. చక్రవడ్డీ లెక్క అన్నమాట. మరి ఈ వడ్డీ ఎక్కడ ఆగుతుంది? బుల్లెట్ ముందుకు కదిలితే వెనకాల ఖాళీ పెరుగుతుంది, గ్యాస్‌కి చోటు దొరుకుతుంది. అంటే ఇది ఒక పరుగుపందెం. ఒకవైపు మందు కాలే స్పీడ్, ఇంకోవైపు బుల్లెట్ చోటిచ్చే స్పీడ్. బుల్లెట్ మొదటి అడుగు వెయ్యడంలో కాస్త తడబడినా, రెప్పపాటులో వందో వంతు ఆలస్యమైనా, చక్రవడ్డీ పెరిగిపోతుంది. మందు ఒక్క గింజ ఎక్కువ వెయ్యనక్కర్లేదు.

ఇప్పుడు కథ. 1921. అమెరికాలో ఒహాయో రాష్ట్రం, ఈరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీ అనే చోటు. అక్కడ నేషనల్ మ్యాచెస్ అని పెద్ద రైఫిల్ పోటీలు జరుగుతాయి. వాడే రైఫిల్ స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 మోడల్, తూటా .30-06.

అప్పట్లో బుల్లెట్ పైతొడుగు క్యుప్రోనికెల్‌తో చేసేవాళ్ళు, అంటే రాగి, నికెల్ కలిపిన లోహం. మన పాత మందపాటి 5 రూపాయల నాణెం గుర్తుందా, అదే జాతి లోహం. దాంతో ఒక తలనొప్పి. బుల్లెట్ స్పీడ్‌కి ఆ లోహం కొంచెం కొంచెం రాసుకుపోయి బ్యారెల్ లోపల గడ్డలుగా అంటుకునేది. గురి తప్పేది. శుభ్రం చేయాలంటే ఘాటైన అమ్మోనియా ద్రావణం పోసి కడగాలి. ఎవరికి ఓపిక? అందుకని షూటర్లు సొంతంగా ఒక చిట్కా కనిపెట్టుకున్నారు. కాల్చే ముందు బుల్లెట్‌ని గ్రీజు డబ్బాలో ముంచడం. అంటుకోవడం తగ్గింది. ఏళ్ళ తరబడి అలా చేశారు, అలవాటైపోయింది.

కానీ గ్రీజు ఉండాల్సింది బుల్లెట్ మీద. చేత్తో ముంచితే అది కేస్ మెడ మీదికి, ఛాంబర్ లోపలికి కూడా పోతుంది. సైన్యంలోని ఆర్డినెన్స్ ఆఫీసర్లకి ఇది నచ్చలేదు. ఈ గ్రీజు గోల లేకుండా చేద్దామని ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్‌ఫర్డ్ ఆర్సెనల్‌లో ఒక కొత్త ఐడియా అమలు చేశారు. ఆ ఆర్సెనల్ బాధ్యత చూస్తున్నది టౌన్‌సెండ్ వీలెన్, రైఫిళ్ళ మీద రాసిన అమెరికన్లలో చాలా పేరున్న మనిషి. ఐడియా ఏంటంటే, బుల్లెట్‌కి తగరం పూత. ఫ్రెంచ్ వాళ్ళు ఫిరంగి మందుతో పాటు తగరం పెడితే గొట్టం లోపల లోహం పేరుకోవడం తగ్గుతుందని అప్పటికే చూశారు. అదే సూత్రం.

పనిచేసిందా? అద్భుతంగా పనిచేసింది. గడ్డలు లేవు, గురి చాలా బాగుంది. 1921 పోటీలకి అదే తూటాలు ఇచ్చారు. వీటికి తర్వాత టిన్ క్యాన్ తూటాలు అని ముద్దుపేరు కూడా పడింది. ఇచ్చేటప్పుడు చెప్పారు, వీటికి గ్రీజు అవసరం లేదు, వాడొద్దు అని.

వింటారా? కొందరు వినలేదు. ఏళ్ళ తరబడి పనిచేసిన చిట్కాని ఒక్క మాటతో ఎవరు వదులుకుంటారు చెప్పండి. పొడి తూటాలు కాల్చినవాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు. గ్రీజు పూసినవాళ్ళకి మాత్రం బోల్ట్ తెరవడం కష్టమైంది, ప్రెజర్ విపరీతంగా పెరిగింది, రైఫిళ్ళు దెబ్బతిన్నాయి.

ఇక్కడ ఆగండి. డిటెక్టివ్‌లాగా ఆలోచించండి. మందు అంతే. గ్రీజు? అది క్యుప్రోనికెల్ బుల్లెట్‌తో ఇంత గొడవ చేయలేదు. తగరం? అది పొడిగా కాల్చితే బంగారంలా పనిచేసింది. ఏ ఒక్కదాన్ని విడిగా నిలబెట్టి అడిగినా నిర్దోషే.

దీన్ని విప్పి రాసినవాడు జూలియన్ హ్యాచర్, సైన్యంలో ఆర్డినెన్స్ ఆఫీసర్. ఆయన నోట్‌బుక్ అని 1947లో వచ్చిన పుస్తకంలో ఈ కథంతా ఉంది. సమాధానం మన అమ్మమ్మలకి తెలిసిన విషయంలోనే ఉంది. పూర్వం ఇత్తడి గిన్నెలకి కళాయి వేయించేవాళ్ళు. వీధిలోకి కళాయి వేసే అతను వచ్చి, గిన్నె వేడి చేసి, నవాసాగరం చల్లి, తగరం రుద్దేవాడు. గిన్నె లోపల తెల్లగా మెరిసేది. తగరానికి ఇత్తడి అంటే అంత ఇష్టం, పట్టుకుంటే వదలదు. సోల్డరింగ్ వైర్‌లో తగరం ఉండేది కూడా అందుకే.

ఇప్పుడు తూటా చూడండి. ఇత్తడి కేస్ మెడ, దాని లోపల గట్టిగా బిగించిన తగరం పూత బుల్లెట్. పక్కపక్కనే రోజులు, వారాలు. ఏ వేడీ లేకుండానే తగరం మెల్లగా ఇత్తడికి అతుక్కుపోయింది. బుల్లెట్‌ని బయటికి లాగడానికి మామూలు కంటే ఎన్నో రెట్లు బలం కావాల్సి వచ్చింది. కళాయి అతనిని పిలవకుండానే కళాయి పడిపోయింది.

మరి పొడిగా కాల్చినప్పుడు ఏమీ కాలేదేం? ఎందుకంటే కేస్ మెడకి, ఛాంబర్ గోడకి మధ్య సన్నటి ఖాళీ ఉంటుంది. ప్రెజర్ రాగానే మెడ ఆ ఖాళీలోకి ఉబ్బుతుంది, అతుకు తెగుతుంది, బుల్లెట్ వెళ్ళిపోతుంది. గ్రీజు పూస్తే ఆ ఖాళీ నిండా గ్రీజే. గ్రీజు ద్రవంలాంటిది, అంత తక్కువ టైమ్‌లో పక్కకి తప్పుకోదు, నలగదు. మెడ ఉబ్బడానికి చోటు లేదు, అతుకు తెగదు, బుల్లెట్ మొదటి అడుగు వెయ్యదు. వెనకాల చక్రవడ్డీ తిరుగుతూనే ఉంది. అయిపోయింది.

నాకు ఈ కేసులో బాగా నచ్చేది ఇదే. రెండు మంచి మార్పులు కలిసి ఒక చెడు. ఎవరు తప్పు చేశారు అని అడిగితే, గ్రీజు వద్దన్నాక పూయడం తప్పే, కాదనను. కానీ వద్దు అనే మాట ఒక్కటే రక్షణగా ఉన్న డిజైన్ కూడా గట్టి డిజైన్ కాదు. సైన్యం ఆ తగరం పూతని వదిలేసి, తొడుగుకి రాగి, జింక్ కలిపిన గిల్డింగ్ మెటల్ వైపు వెళ్ళింది. దాంతో గడ్డలూ తగ్గాయి, గ్రీజు అవసరమూ పోయింది. ఈ రోజుకీ ఎక్కువ రైఫిల్ బుల్లెట్ల తొడుగు అదే.

పక్కమాట ఒకటి. ఆ స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్ళకి ఇంకో పాత జబ్బు కూడా ఉంది. సీరియల్ నంబర్ 8,00,000 లోపు ఉన్నవాటిలో కొన్నిటి ఉక్కు పెళుసుగా తయారైంది. కారణం, కొలిమిలో ఉక్కు ఎంత వేడెక్కిందో పనివాళ్ళు కంటితో రంగు చూసి చెప్పేవాళ్ళు. ఎండ ఉన్న రోజు ఒకలా, మబ్బు పట్టిన రోజు ఒకలా కనిపించేది. థర్మామీటర్ లాంటి పరికరం పెట్టి చూస్తే తేడా వందల డిగ్రీల్లో ఉంది. అది వేరే ఎపిసోడ్ చేయాలి నిజానికి.

సరే, 1921 నుంచి ఇప్పటికి వద్దాం. టెక్సస్‌లో ఒక హ్యాండ్‌లోడర్ ఉన్నాడనుకుందాం. జనవరిలో ఒక లోడ్ చేసుకున్నాడు, చక్కగా పనిచేసింది. అదే మాన్యువల్, అదే కొలత. ఆగస్టులో రేంజ్‌కి వెళ్ళాడు, ఐదో షాట్‌కి బోల్ట్ హ్యాండిల్ బిగుసుకుంది. ఏం చేయాలి?

మొదటి పని, ఆపడం. ఇంకొకటి కాల్చి చూద్దాం అనేది పరీక్ష కాదు, జూదం. మిగిలిన తూటాలు అలాగే ఇంటికి రావాలి, ఎందుకంటే సాక్ష్యం వాటిలోనే ఉంది.

తర్వాత కాల్చిన కేసుల్ని చూస్తాడు. ప్రైమర్ చదునుగా అప్పడంలా నొక్కుకుపోయిందా? కేస్ అడుగున ఎజెక్టర్ రంధ్రం అచ్చు మెరుస్తూ పడిందా? ఇవి ప్రెజర్ గుర్తులని అందరూ చెప్తారు. నిజమే, కానీ ఇక్కడ జాగ్రత్త. ప్రైమర్ అబద్ధం కూడా చెప్తుంది. కొన్ని కంపెనీల ప్రైమర్ లోహం మెత్తగా ఉండి మామూలు ప్రెజర్‌కే చదునవుతుంది. ఛాంబర్‌లో కేస్ వెనకాల ఖాళీ ఎక్కువ ఉన్నా ప్రైమర్ ముందు వెనక్కి వచ్చి, మళ్ళీ నొక్కుకుని, చదునుగా కనిపిస్తుంది. అక్కడ ప్రెజర్ పాపం ఏమీ లేదు. ఇంకోవైపు, ఇత్తడి మీద స్పష్టమైన గుర్తు పడేసరికి చాలా తూటాల విషయంలో ప్రెజర్ అప్పటికే హద్దు దాటి ఉంటుంది. అంటే గుర్తు లేదు కాబట్టి సేఫ్ అనుకోవడానికీ లేదు.

నేనైతే క్రోనోగ్రాఫ్‌ని ఎక్కువ నమ్ముతాను. బుల్లెట్ స్పీడ్ కొలిచే పరికరం అది. అదే బ్యారెల్ పొడవుకి మాన్యువల్‌లో రాసిన దానికంటే స్పీడ్ ఎక్కువ వస్తోందంటే సంతోషపడకూడదు. స్పీడ్ ఊరికే రాదు, ప్రెజర్ కట్టిన బిల్లు అది.

ఇప్పుడు అసలు ప్రశ్న. జనవరికి, ఆగస్టుకి మధ్య ఏం మారింది? మనవాడు ఏమీ మారలేదు అంటాడు. అందరూ అదే అంటారు. కూర్చోబెట్టి అడిగితే ఒక్కొక్కటి బయటికొస్తుంది. పౌడర్ డబ్బా కొత్తది, లాట్ నంబర్ వేరు. ఒకే పేరున్న పౌడర్ అయినా లాట్‌కి లాట్‌కి కొద్దిగా తేడా ఉంటుంది. కేసులు ఈసారి మిలిటరీవి దొరికాయి. వాటిలో చాలావాటి గోడ మందం ఎక్కువ, లోపల చోటు తక్కువ. అంతే మందు, చిన్న గది. బయటి నుంచి చూస్తే రెండు కేసులూ కవలల్లా ఉంటాయి, తూకం వేస్తేనే తెలుస్తుంది. ఇక ఎండ. ఆగస్టులో కారు డ్యాష్‌బోర్డ్ మీద తూటాల పెట్టె రెండు గంటలు. చాలా పౌడర్లు వేడెక్కితే స్పీడ్‌గా కాలతాయి. తూటాని వేడి ఛాంబర్‌లో పెట్టి తీరిగ్గా గురి చూసుకుంటూ కూర్చున్నా అదే వరస.

ఇవి అందరికీ కొంత తెలుసు. ఎక్కువమంది చూడనిది మెడ దగ్గర. కాల్చిన ప్రతిసారీ, మళ్ళీ సైజ్ చేసిన ప్రతిసారీ ఇత్తడి కొంచెం కొంచెం ముందుకు సాగుతుంది, కేస్ పొడవు పెరుగుతుంది. .30-06కి గరిష్ఠ పొడవు 2.494 అంగుళాలు. అది దాటితే మూతి అంచు ఛాంబర్ చివర మెట్టుకి తగిలి లోపలికి నొక్కుకుపోతుంది, బుల్లెట్‌ని చిటికెన వేలు పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. మెడ ఉబ్బలేదు, బుల్లెట్ కదల్లేదు. ఎక్కడో విన్నట్టుందా? 1921లో గ్రీజు చేసిన పనే ఇది. కాలిపర్స్‌తో ఒక్క నిమిషం కొలిస్తే దొరికిపోతుంది.

అలాగే బుల్లెట్‌ని కాస్త బయటికి పెట్టి లోడ్ చేశాడనుకోండి, లేదా అంతే బరువున్న వేరే కంపెనీ బుల్లెట్ వాడాడనుకోండి. దాని ఆకారం వేరు కాబట్టి బ్యారెల్‌లోని మరల గాడుల్ని ముందే తాకి నిలబడుతుంది. మామూలుగా బుల్లెట్ కొంచెం దూరం ఊపు తీసుకుని గాడుల్లోకి దూరుతుంది. ఇప్పుడు నిలబడ్డ చోటి నుంచే గోడ తోయాలి. మళ్ళీ అదే, మొదటి అడుగు.

ఇంకొకటి, కేసులు సైజ్ చేసేటప్పుడు పూసే లూబ్రికెంట్ తుడవకుండా వదిలేయడం. నూనె ఉంటే కేస్ ఛాంబర్ గోడని సరిగ్గా పట్టుకోలేదు, జారి వెనక్కి వచ్చి బోల్ట్‌ని బలంగా గుద్దుతుంది. లోపల ప్రెజర్ మామూలుగా ఉన్నా బోల్ట్ మీద బరువు పెరుగుతుంది, ప్రెజర్ ఎక్కువైనట్టే గుర్తులు పడతాయి. గుడ్డతో తుడిస్తే పోయే జబ్బు, కానీ కనిపెట్టడానికి వారం పడుతుంది.

మరి మనవాడు ఎలా పట్టుకోవాలి? మిగిలిన తూటాల్లో కొన్నిటిని విప్పాలి. దానికి సుత్తిలా ఉండే పుల్లర్ దొరుకుతుంది. పౌడర్ మళ్ళీ తూయాలి, అదీ చెక్ వెయిట్ పెట్టి త్రాసుని చూసుకున్నాక. త్రాసే తప్పు చెప్తుంటే మిగతా విచారణంతా దండగ. పౌడర్ రంగు, గింజ ఆకారం డబ్బాలో ఉన్నదానితో పోల్చాలి, బల్ల మీద రెండు డబ్బాలు పెట్టుకునేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. పౌడర్ ఏదో కచ్చితంగా తెలియకపోతే పారేయడమే, అందులో బేరాల్లేవు. కేసులు కొలవాలి, తూయాలి. తర్వాత మాన్యువల్‌లో ఇచ్చిన ప్రారంభ కొలత నుంచి మళ్ళీ మొదలు, ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే. కంగారులో కొలత మరీ తగ్గించేయడం కూడా పరిష్కారం కాదు. నెమ్మదిగా కాలే కొన్ని పౌడర్లని చెప్పిన కనీసం కంటే తక్కువ వేస్తే ప్రమాదమని కంపెనీలే రాస్తాయి.

ఇంకా దొరకలేదా? అప్పుడు లోడ్ చేసిన తేదీ చూడాలి. ఇప్పుడు చాలామంది కేసుల్ని స్టీల్ పిన్నులు, నీళ్ళు, సబ్బు వేసి తిప్పి లోపలా బయటా తళతళలాడేలా కడుగుతారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ మెడ లోపల ఉండే సన్నటి మసి పొర కూడా పోతుంది, అది బుల్లెట్‌కీ ఇత్తడికీ మధ్య అడ్డుగా ఉండేది. అలాంటి తూటాల్ని ఏళ్ళ తరబడి పెట్టెలో ఉంచితే తగరం లేకపోయినా బుల్లెట్, మెడ అతుక్కుపోయే సందర్భాలు ఉన్నాయి. పుల్లర్‌తో కొడుతుంటే ఒకటి టక్కున ఊడుతుంది, పక్కది పది దెబ్బలకీ కదలదు. తేడా ఇలా కనిపిస్తే దొంగ దొరికినట్టే. అందుకే కొందరు పోటీ షూటర్లు బుల్లెట్‌ని ముందు కావాల్సిన దానికంటే కొంచెం బయటికి పెట్టి ఉంచుతారు, కాల్చే ముందు రోజు ఇంకొంచెం లోపలికి నొక్కుతారు. అప్పుడు లోపల చిన్న చప్పుడుతో అతుకు విడుతుంది. మెడ లోపల గ్రాఫైట్ పొడి రాసేవాళ్ళూ ఉన్నారు.

స్ప్రింగ్‌ఫీల్డ్ ఉక్కు రంగు కథ వచ్చే ఎపిసోడ్‌లో చేయనా, లేక కుక్కర్ సేఫ్టీ వాల్వ్ మీద చేయనా, కామెంట్‌లో చెప్పండి. ఉంటాను ఫ్రెండ్స్, బై.